లెక్కల పుస్తకం తెరిచే ముందు ఇరవై నిమిషాలు

ఏడీహెచ్‌డీ (దేనిమీదా ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) ఉన్న పిల్లవాణ్ణి బడి నుంచి రాగానే లెక్కలకు కూర్చోబెట్టకండి. ముందు ఒళ్లు కదలనివ్వండి.

మేముండేది చెన్నై బెసంట్ నగర్‌లో. ఎండ తగ్గాక మా మనవణ్ణి ఇలియట్స్ బీచ్‌కు తీసుకెళ్తాను. పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతాయి, అలలు తడిపి గట్టిపరిచిన ఇసుకే పరుగుకు మేలు. “వ్యాయామం చేద్దాం రా” అంటే మొహం తిప్పేస్తాడు. “ఆ పడవ దాకా ఎవరు ముందు, తాతయ్యా?” అని వాడి చేతే అనిపించాలి. ఊపిరి వేగం పెరగాలి, కానీ మాట్లాడగలగాలి. అదే కొలత. ఆయాసపడి కూలబడితే చదువూ ఉండదు, రేపటి పరుగూ ఉండదు.

ఇరవై నిమిషాల లెక్క నేను కల్పించింది కాదు. 2013లో అమెరికాలో అచ్చయిన ఓ అధ్యయనంలో 8-10 ఏళ్ల పిల్లలు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్‌పై మోస్తరు వ్యాయామం చేశాక, ఊరికే కూర్చుని చదివిన రోజుకన్నా ఏకాగ్రత పరీక్షలో తప్పులు తక్కువ చేశారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ. పరీక్షించింది 40 మందినే, కాబట్టి దీన్ని మంత్రమనుకోకండి. మందులు మానడం, తగ్గించడం డాక్టరు చెబితేనే.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోవడం, మంచినీళ్లు, వెంటనే కష్టమైన పాఠం. మధ్యలో టీవీ పెట్టారో, అంతే సంగతులు!

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. అప్పుడు వరండాలో తాడాట, మేడమెట్లు. అల్లరి చేశాడని ఆట మాన్పించే శిక్ష మాత్రం వేయకండి.