వానలకు వరండా తెర: కట్టేముందు చూసుకోవాల్సినవి

ఎండాకాలంలో వరండాకు కట్టిన పచ్చ నెట్టునే వానలకు కూడా ఉంచేద్దాం అనుకునే ఇళ్లు చాలా ఉంటాయి. అది కుదరదు. షాపులో 50 శాతం, 75 శాతం, 90 శాతం అని చెప్పేది నీడ లెక్క. గట్టి చినుకు నెట్టుకు తగిలి తుంపరై లోపలికే వస్తుంది. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె మొదలవుతుంది. ఆలోపే వేరే ఏర్పాటు చూసుకుంటే తొలి వానకు టెన్షన్ పడక్కర్లేదు.

తక్కువ ఖర్చులో అయ్యేవి బరకం (టార్పాలిన్), వెదురు తెరలు, పాత ఫ్లెక్సీలు. బరకం కొనేటప్పుడు ముందు జీఎస్‌ఎం అడగండి. చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. 90 జీఎస్‌ఎం చవకే కానీ, రోజూ ఎండా గాలీ తగిలే చోట నిలవదు. 200కు తగ్గకుండా తీసుకోవడం నయం. అంచు మడతలో తాడు వేసి అతికారా, రింగులు మూడడుగులకొకటి ఉన్నాయా అని చేత్తో తడిమి చూడండి. ఫ్లెక్సీలు ఊరికే దొరుకుతాయి, ఒక వానాకాలం గడిచిపోతుంది. ఎన్నికల ఫ్లెక్సీ అయితే నాయకుడి ముఖం లోపలికి తిప్పాలా, వీధివైపు తిప్పాలా అన్నది మీ ఇంటి రాజకీయం. మడిచి చూస్తే పగుళ్లు కనపడేంత పెళుసెక్కినదాన్ని మాత్రం కట్టొద్దు. గాలికి చిరిగిన ముక్క ఎగిరి కరెంటు తీగల మీద పడుతుంది.

వానకంటే గాలితోనే అసలు ప్రమాదం. ఉరుముల వానల్లో గంటకు 50 కిలోమీటర్ల ఈదురుగాలి మనకు కొత్త కాదు. ఆ గాలి 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న బరకాన్ని ఇంచుమించు 85, 90 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. అదంతా మోయాల్సింది తాడు కట్టిన షెడ్డు పైపులే. అందుకే నా లెక్కలో మంచి తెరంటే ఇంట్లో ఒక్కరే ఉన్నా రెండు నిమిషాల్లో దించగలిగేది.

పైఅంచును పైపుకు గట్టిగా కట్టండి. పక్కలకూ కిందకూ మాత్రం ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి, బూటు లేసుకు వేసే ముడి చాలు. జీఐ తీగతో బిగిస్తే రింగు దగ్గర బరకం కోసుకుపోతుంది, పైగా అవసరం పడ్డప్పుడు కటింగ్ ప్లేయర్ వెతుక్కోవాలి. పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, రింగుకూ తాడుకూ మధ్య ఒక్కోటి వేయండి. విసురుగాలికి పట్టీ సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, రింగు చిరగదు. ఖర్చేమీ లేని ఈ పట్టీలు ఖరీదైన బరకం కంటే ఎక్కువ పనిచేస్తాయి. కింద బరువు కోసం ఇనప రాడ్డు దూర్చి అలా వదిలేయడం కొందరికి అలవాటు. అది ఊగి కిటికీ అద్దానికో, పిల్లల తలకో తగులుతుంది. పీవీసీ పైపు దూర్చి, రెండు చివరలూ స్తంభాలకు కట్టండి. నేలకు నాలుగంగుళాల ఖాళీ ఉంటే నీళ్లు బయటికి పోతాయి.

ముందు మూయాల్సింది జల్లు కొట్టే వైపు. నైరుతి కాలంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. కోస్తాలో అక్టోబరు దాటాక ఈశాన్యం నుంచి. మూడు పక్కలా బిగించి వీధివైపు ఒక్కటే తెరిచి ఉంచడం మాత్రం ప్రమాదం. గాలి ఆ వైపు నుంచే కొడితే లోపల ఇరుక్కుని రేకులను కిందనుంచి పైకి నెడుతుంది. పైన వీచే గాలి ఎలాగూ వాటిని లేపడానికే చూస్తుంది. హుక్కులు తుప్పు పట్టి ఉంటే రేకు ఆగదు. కాబట్టి తెర కట్టే ముందు నిచ్చెన వేసుకుని హుక్కులు, వాషర్లు చూడండి. ఎదురు వైపు తెరకు పైన ఒక అడుగు ఖాళీ వదలండి.

వరండా ముందుకు పందిరిలా బరకం లాగేవాళ్లు వాలు బాగా ఇవ్వాలి. మధ్యలో గుంట పడి ఒక చదరపు మీటరులో 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిస్తే అది 100 కిలోల బరువు.

ఇక కరెంటు. చాలా ఇళ్లలో మీటరు బోర్డు వరండాలోనే ఉంటుంది. తెర కట్టాక జల్లు దారి మళ్లి బోర్డు మీదికి కారుతోందేమో తొలి వానకే చూసుకోవాలి. తెర వేలాడదీయడానికి ఇనప తీగ లాగొద్దు. బట్టల దండేనికి కరెంటు పాకి మనుషులు పోయిన వార్తలు వానాకాలంలో చదువుతూనే ఉంటాం. తెర తీగకూ అదే గతి పట్టొచ్చు. నైలాన్ తాడు వాడండి, సర్వీసు వైరు ఉన్న కొక్కేనికి ఏదీ కట్టకండి. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి, ఈ జాబితాలో డబ్బు పెట్టదగ్గది అదొక్కటే.

అన్ని వైపులా మూసిన వరండా గదితో సమానం. అక్కడ జనరేటరు, బొగ్గుల కుంపటి పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. దీపావళికీ, కార్తీక దీపాలకీ తెరలు చుట్టి పైకి కట్టేయండి. వెదురైనా బరకమైనా నిప్పురవ్వకు ఇట్టే అంటుకుంటుంది.

డెంగీ దోమ పగలు కుడుతుంది. మడతల్లో నిలిచిన కాసిని నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది కాబట్టి వారానికోసారి మడతలు దులపాలి. దోమలకు మెష్ వేరేగా వెల్క్రోతో పెట్టుకోవాల్సిందే. చుట్టిన వెదురు తెరలో తేళ్లు, జెర్రులు దూరతాయి. విప్పేముందు కర్రతో తట్టండి, చీకట్లో చెయ్యి పెట్టకండి.

కోస్తావాళ్లకు ఇంకొక మాట. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌లో గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. పైన చెప్పిన 50 కిలోమీటర్ల గాలితో పోలిస్తే నెట్టుడు పదమూడింతలు. అలాంటి గాలికి ఏ ముడీ ఆగదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే తెరలు దించి, పైపులతో సహా ఇంట్లో పెట్టేయండి. డాబా మీద ఇటుకలు పెట్టి వదిలేస్తే, ఆ ఇటుకలే పక్కింటివాళ్ల మీద పడతాయి.