పాత ఆఫ్‌రోడ్ బండికి వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం

డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె. బండిని కాసేపు నడిపి, అందులోని ఆయిల్ వేడెక్కాక చదునైన చోట ఆపండి. ముందు విప్పాల్సింది పైనున్న ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రానికున్న మూత). అది పట్టేసి రాకపోతే, ఆయిల్ వదిలేశాక మళ్లీ పోసే దారి ఉండదు. ఆ తర్వాతే కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ ప్లగ్.

ప్లగ్ అయస్కాంతానికి అంటిన బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలు అరుగుదలే. వేళ్లకు గుచ్చుకునే ముక్కలు తగిలితే మాత్రం కవర్ విప్పి గేర్ పళ్లు, బేరింగులు చూడాల్సిందే. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టు. వాగులు దాటిన బండ్లలో ఇది ఎక్కువ. వేడి హౌసింగ్ (గేర్ల పెట్టె) చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీదర్ (పెట్టెలోకి గాలి ఆడే చిన్న దారి) మూసుకుపోయి ఉంటే అరిగిన సీళ్ల గుండా నీళ్లు లాగేస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా కొత్త ఆయిల్ పోయడం దండగ.

కొత్త వాషర్‌తో డ్రెయిన్ ప్లగ్ బిగించి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు (చాలా బండ్లకు జీఎల్-5 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్) ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారేదాకా పోయండి. క్లచ్ ప్లేట్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరగకుండా ఆపే ఏర్పాటు) ఉంటే ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సరిచేసే, ఆయిల్‌లో కలిపే ద్రవం) కూడా కావాలి. లేకపోతే మలుపుల్లో ప్లేట్లు పట్టి వదులుతూ గరగరమంటాయి.