కొత్త అలవాటు: దేని వెనక పెట్టాలి, ఎంత పెట్టాలి

వ్యాయామం, చదువు, డైరీ అంటూ ఒకేసారి మూడు మొదలుపెడితే మూడూ మూణ్ణాళ్ల ముచ్చటే అవుతాయి. ఒక్కటే ఎంచుకోండి. అది చేశారో లేదో పక్కనున్నవాళ్లు చూసి చెప్పగలిగేలా ఉండాలి. ‘రోజూ చదువుతాను’ అంటే చాలదు. ‘పడుకునే ముందు రెండు పేజీలు చదువుతాను’ అంటే లెక్క తేలుతుంది.

దానికి గడియారం చూసి టైము పెట్టకండి. రోజూ ఎలాగూ చేసే పాత పని వెనక పెట్టండి. ఏడింటికి చేద్దామనుకుంటే ఏడు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. అదే పళ్లు తోముకున్నాక అనుకుంటే, బ్రష్ పక్కన పెట్టగానే గుర్తొస్తుంది. ‘ఫలానాది అవగానే ఫలానాది చేస్తాను’ అని ముందే తేల్చుకోవడం మీద పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఇలా అనుకున్నవాళ్లు అనుకున్నది సాధించడం బాగా మెరుగైందని తేలింది.

చాలామంది పొరపాటు పడేది ఆ పాత పనిని ఎంచుకోవడంలోనే. ‘భోజనం అయ్యాక’ అంటే ఎప్పుడు? చెయ్యి కడిగాకా, కబుర్లు అయ్యాకా? అందుకే ‘కంచం కడిగి బోర్లించాక’ అనుకోండి, ముగింపు కచ్చితంగా తెలుస్తుంది. ‘ఆఫీసు నుంచి రాగానే’ అన్నది పైకి బాగానే కనిపిస్తుంది కానీ అదే ఒంట్లో ఓపిక లేని వేళ, పైగా సెలవు రోజుల్లో అసలు ఉండదు. రెండు పనులూ ఒకే చోట జరగడం కూడా ముఖ్యం. పాత పని ఒక గదిలో, కొత్తది ఇంకో గదిలో అయితే, మధ్యలో ఫోన్ కనబడితే చాలు, కొత్తది గల్లంతే. తడి చేతులతో ఉండే పని వెనక రాసే పని పెట్టడం లాంటివీ కుదరవు. అన్నీ చూసుకున్నాక ఒక్క వాక్యం కాగితం మీద రాయండి: ‘రాత్రి పక్క వేసుకోగానే, మంచం మీద కూర్చుని, రెండు పేజీలు చదువుతాను.’

ఇక చదివే చోటు సిద్ధం చేయాలి. పొద్దున పక్క సర్దేటప్పుడే పుస్తకాన్ని, ఆగిన పేజీలో కాగితం ముక్క పెట్టి, దిండు మీద ఉంచండి. రాత్రి తల వాల్చాలంటే దాన్ని చేతిలోకి తీసుకోక తప్పదు. ఫోన్ చార్జర్ వేరే గదిలోకి మార్చండి. లైటు స్విచ్ మంచం మీద నుంచి అందాలి. ఆర్పడానికి మళ్లీ లేవాలంటే, మంచం ఎక్కే ముందే ఆర్పేసి పడుకుంటారు, పుస్తకం మూతపడే ఉంటుంది.

పరిమాణం ఎంత? జ్వరం తగిలిన రోజు కూడా రెండు నిమిషాల్లో అయిపోయేంత. రెండు పేజీలు, అయిదు గుంజీలు, డైరీలో ఒక్క వాక్యం. హుషారుగా ఉన్నరోజు ఎంతైనా చేయండి, కానీ క్యాలెండర్ మీద గీసే టిక్కు మాత్రం ఆ కనీసానికే. రెండోవారంలో ఊపొచ్చి రెండు పేజీలను ఇరవై చేసుకునేవాళ్లు ఎక్కువ. అలసిన రోజు ఇరవై తలుచుకుంటేనే నీరసం వస్తుంది, దాంతో ఆ రెండూ పోతాయి. ఎన్ని నెలలు గడిచినా కనీసాన్ని పెంచకపోవడమే మంచిది.

21 రోజుల్లో అలవాటు కుదురుతుందన్న మాటను నమ్ముకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. పని తనంతట తానుగా జరిగే స్థితికి చేరడానికి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని అంచనా వేసింది, మధ్యస్థం 66 (అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ). 22వ రోజున ఇంకా బద్ధకంగా ఉందంటే మీలో లోపమేమీ లేదు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది.

కాబట్టి తప్పిన రోజు బాకీని మర్నాడు తీర్చకండి. నాలుగు పేజీలు చదవాలనుకుంటే అది శిక్షలా తోచి, మర్నాడూ ఎగ్గొట్టాలనిపిస్తుంది. వరసగా రెండు రోజులు తప్పితే మాత్రం ఆగి చూడండి. మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు, తప్పిన చోటు వెతకండి. ప్రతివారం అదే రోజు తప్పుతోందంటే, ఆ రోజు పాత పని జరగట్లేదన్నమాట. దాని బదులు రోజూ జరిగే వేరే పాత పని చూసుకోవాలి. ప్రయాణాల్లో తప్పుతోందంటే, ఇంటికే పరిమితమైన పనిని వదిలి, ఎక్కడున్నా చేసేదాన్ని ఎంచుకోవాలి.

కొన్నాళ్లకు ‘ఇవాళ చదివానా?’ అని టిక్కు గీసేటప్పుడు గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది, చూస్తే చదివే ఉంటారు. అది కుదిరినట్టే. రెండో అలవాటు అప్పుడు మొదలుపెట్టవచ్చు, కావాలంటే దీని వెనకే.