వ్యాగన్ మైలేజ్ పడిపోయిందా? బానెట్ ఎత్తే ముందు చక్రం తిప్పి చూడండి

మన దగ్గర చిన్న స్టేషన్ వ్యాగన్లు, అంటే సామాను కోసం పైకప్పు వెనకదాకా సాగిన కార్లు, పెద్దగా అమ్ముడుపోలేదు. మారుతి బలెనో ఆల్టూరా, టాటా ఇండిగో మెరీనా, ఒపెల్ కోర్సా స్వింగ్, ఫియట్ సియెనా వీకెండ్ వచ్చాయి, పోయాయి. ఇంకా తిరుగుతున్న వాటిని ఓనర్లు కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. వాళ్ల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు, బండి మునుపటి మైలేజ్ ఇవ్వట్లేదని. గ్యారేజీకి తీసుకెళ్తే ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మారుస్తారు. బిల్లు కట్టాక కూడా మైలేజ్ అక్కడే ఉంటుంది. ఎందుకంటే ఇంత వయసున్న బళ్లలో ఇంధనాన్ని తినేది చాలాసార్లు ఇంజిన్ కాదు. జామైన బ్రేకు, వేడెక్కని కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), టాప్ మీద క్యారియర్.

ముందు లెక్క సరిగ్గా ఉందా?

లక్షణం: ఒకసారి 11 వస్తుంది, ఇంకోసారి 15 వస్తుంది, నమ్మేలా ఉండదు.

కారణం: ఐదొందలకో వెయ్యికో కొట్టించి, సూది చూసి లెక్కేయడం. పది లీటర్ల మీద ఒక లీటరు అటూ ఇటూ అయితే పది శాతం తప్పు. ముప్పై లీటర్ల మీద అదే లీటరు మూడు శాతమే.

ఏం చేయాలి: ఒకే బంకు, వీలైతే అదే పంపు. నాజిల్ మొదటిసారి దానంతటదే ఆగగానే చాలు అనండి. రౌండ్ ఫిగర్ కోసం పైన ఇంకో అరలీటరు కొట్టనివ్వకండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 350 కి.మీ. తిరిగాక మళ్లీ అలాగే నింపండి. కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడు ట్యాంకులు చూశాకే మైలేజ్ పడిందో లేదో తేల్చుకోండి.

టైరు సైజు మార్చి ఉంటే ఓడోమీటర్ కూడా తప్పు చెబుతుంది. 175/65 ఆర్14 టైరు వ్యాసం దాదాపు 583 మి.మీ., 175/70 ఆర్14 అయితే 600 దాటుతుంది. చక్రం మూడు శాతం పెద్దదైంది కాబట్టి మీటర్ మూడు శాతం తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. మైలేజ్ పడకపోయినా కాగితం మీద పడిపోతుంది.

బ్రోచర్‌లో ఉన్న అంకెతో పోల్చుకుని బాధపడొద్దు. ఆ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గరిష్ఠంగా 90 కి.మీ. వేగంతో జరుగుతుంది. బాగున్న మెరీనా డీజిల్ ఏసీ వేసుకుని సిటీలో 12-14, హైవేలో 16-18 ఇస్తే సంతోషించాలి. 1.6 లీటర్ల ఆల్టూరా పెట్రోల్ అయితే సిటీలో 9-10, హైవేలో 13-15. దీనికి దరిదాపుల్లో ఉంటే మీ బండికి జబ్బేమీ లేదు.

బండి వదిలేస్తే సాగదు, త్వరగా ఆగిపోతుంది

లక్షణం: సమంగా ఉన్న రోడ్డు మీద గేరు తీసేస్తే ఎవరో వెనక్కి లాగుతున్నట్టు వేగం పడిపోతుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు కూడా యాక్సిలరేటర్ తొక్కాల్సి వస్తుంది. ఒక చక్రం దగ్గర కాలిన వాసన రావొచ్చు.

పరీక్ష: పది కిలోమీటర్లు హైవే మీద నడపండి. చివరి కిలోమీటరు బ్రేకు వీలైనంత తక్కువ వాడి, మెల్లగా పక్కకు ఆపండి. ఒక్కో చక్రం డిస్కు దగ్గర అరచేయి పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. చేతిలో ఇమిడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. ఎడమ, కుడి చక్రాల మధ్య 20 డిగ్రీలకు మించి తేడా వస్తే వేడిగా ఉన్న వైపే దొంగ. ఆ తర్వాత జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, గేరు, హ్యాండ్‌బ్రేక్ తీసి చక్రాన్ని చేత్తో తిప్పండి. వెనక చక్రం ఒకటి రెండు చుట్లు తనంతట తిరగాలి. ముందు డిస్కు సన్నగా రాసుకునే శబ్దం మామూలే. బిగుసుకుని చప్పున ఆగితే మామూలు కాదు.

కారణాలు, ఎక్కువగా కనబడే వరుసలో:

కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) జరిగే స్లైడ్ పిన్నులు. రబ్బరు బూటు చిరిగి నీళ్లు దిగితే పిన్ను తుప్పు పట్టి కదలదు. ఒకవైపు ప్యాడ్ అరిగిపోయి రెండోది కొత్తగానే ఉంటే ఇదే. పిన్నులు ఊడదీసి, ఎమరీ కాగితంతో నునుపు చేసి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పట్టించి కొత్త బూట్లు వేయాలి. షాపులో మామూలు బేరింగ్ గ్రీజు పట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ నూనెకు బ్రేకు రబ్బరు ఉబ్బి, నెల తిరక్కుండా మళ్లీ బిగుస్తుంది.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్. వ్యాగన్లలో దీన్ని ఎవరూ అనుమానించరు. నీళ్లలో నిలిచిన బళ్లకు, ఉదాహరణకు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో రోజుల తరబడి మునిగిన వాటికి, కేబుల్ తొడుగు లోపల తుప్పు పడుతుంది. లివరు కిందికి దించినా కేబుల్ సగంలోనే ఆగి, డ్రమ్ములో షూలు ఆనుకునే ఉంటాయి. వెనక నుంచి కేబుల్ విప్పాక చక్రం ఫ్రీగా తిరిగితే కేబుల్ మార్చాల్సిందే, ఆయిలు పోసి లాభం లేదు. మార్చాక లివరు నాలుగు నుంచి ఏడు క్లిక్కుల మధ్య పట్టేలా సర్దండి.

బ్రేకు హోస్. పైన ఏ పగులూ లేకపోయినా పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి, పెడల్ వదిలాక ఆయిల్‌ను వెనక్కి పోనివ్వదు. చక్రం బిగిసి ఉన్నప్పుడే కాలిపర్ బ్లీడర్ నిపుల్ (ఎయిర్ తీసే చిన్న స్క్రూ) పావు చుట్టు వదులు చేయండి. కొంచెం ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ప్రెషర్ ఎక్కడో ఇరుక్కుంది. హోస్‌కు పై చివర, ఇనుప పైపు కలిసే చోట వదులు చేసినప్పుడు వదలకుండా, నిపుల్ దగ్గరే వదిలితే తప్పు హోస్‌ది. పైన వదులు చేసినా వదిలితే మాస్టర్ సిలిండర్ చూడాలి. హోసులు రెండువైపులా జతగా మార్చి, ఆయిల్ మొత్తం కొత్తది నింపి ఎయిర్ తీయాలి. ఇది చేయి తిరిగిన మనిషి చేయాల్సిన పని.

సూది మధ్యకు రాదు

లక్షణం: టెంపరేచర్ సూది పావు దగ్గరే ఆడుతుంది, హైవే ఎక్కితే ఇంకా కిందికి దిగుతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదేగా అని ఓనర్ సంతోషిస్తాడు. అదే నష్టం. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి లాగుడు పెరుగుతుంది. పెట్రోల్ బండిలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంకా వామప్ కాలేదనుకుని ఇంధనం ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

కారణం: థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు, తెరుచుకునే ఉండిపోవడం, లేదా అసలు లేకపోవడం. "మన ఎండలకు ఇది ఎందుకండీ" అని పీకి పక్కన పడేసే మెకానిక్‌లు ప్రతి ఊర్లో ఉన్నారు. ఎప్పుడో ఒకసారి ఓవర్‌హీట్ అయినప్పుడు తీసేసి ఉంటారు. అసలు రోగం రేడియేటర్ మూసుకుపోవడమో, ఫ్యాన్ పనిచేయకపోవడమో అయ్యుంటుంది. అది అలాగే ఉండిపోయింది.

పరీక్ష: రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. ఫ్యాన్‌కు చేయి, చొక్కా దూరంగా ఉంచండి. థర్మోస్టాట్ బాగుంటే ఆ హోస్ చాలాసేపు చల్లగా ఉండి, ఇంజిన్ 80 డిగ్రీలు దాటాక ఒక్కసారిగా కాలుతుంది. రెండు నిమిషాలకే మెల్లమెల్లగా వెచ్చబడితే లోపల వాల్వు లేదు, ఉన్నా మూతపడటం లేదు.

పరిష్కారం: తెరుచుకునే ఉష్ణోగ్రత థర్మోస్టాట్ మీదే అచ్చు వేసి ఉంటుంది, 82 లేదా 88 లాంటి అంకె. కొత్తది కొన్నాక గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, థర్మామీటర్ వేసి చూడండి. అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. కొత్త గ్యాస్కెట్ లేదా ఓ-రింగ్ వేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడపండి. థర్మోస్టాట్ వేశాక బండి వేడెక్కుతుంటే దాన్ని మళ్లీ తీసేయకండి, రేడియేటర్ చూపించండి.

అదే పనిగా ఫ్యాన్ కూడా చూడండి. తాళం తిప్పగానే ఫ్యాన్ తిరగడం మొదలైతే ఎవరో స్విచ్చు దాటేసి డైరెక్ట్ చేశారన్నమాట. కరెంటంతా ఆల్టర్నేటర్ నుంచి, అంటే మీ ట్యాంకులోంచే వస్తుంది.

సైలెన్సర్ మూతి మసి, నల్ల పొగ

పెట్రోల్ బండి అయితే ముందు కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. మల్టీమీటర్‌తో సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. ఎక్కువ సెన్సర్లకు 20 డిగ్రీల దగ్గర 2-3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌ల చుట్టూ ఉంటాయి. వేడెక్కిన ఇంజిన్ మీద కూడా కిలో ఓమ్‌లలోనే చూపిస్తే అది అబద్ధం చెబుతోంది. తర్వాత ఆక్సిజన్ సెన్సర్. స్కానర్ మాట్లాడే బండి అయితే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) చూడండి. అది ప్లస్ మైనస్ పది శాతం లోపు ఉంటే గాలి, ఇంధనం పాళ్లు సరిగానే ఉన్నాయి, ఇంజిన్ వదిలేసి చక్రాల దగ్గరికి వెళ్లండి.

మెరీనా డీజిల్ 1405 సీసీ ఇంజిన్‌లో ఎయిర్ ఫిల్టర్, టర్బో హోస్ క్లిప్పులు, నాజిళ్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి), ఈ వరుసలో చూడండి. హోస్ చీలితే ఆ చోట నూనె తడి కనిపిస్తుంది, రేస్ చేస్తే ఈల శబ్దం వస్తుంది. పికప్ కోసం ఎవరైనా ఇంజిన్ డీజిల్ పంపులో డీజిల్ పెంచి ఉన్నా నల్ల పొగే. పంపు షాపులో బెంచి మీద పెట్టి సెట్ చేయించాలి, స్క్రూడ్రైవర్‌తో రోడ్డు మీద కాదు. టైమింగ్ బెల్టు మార్చిన రోజు నుంచే మైలేజ్ పడిందంటే పంపు టైమింగ్ మార్కులు ఒక పన్ను తప్పాయేమో చూపించండి. మిగతావన్నీ తర్వాత.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక మాట. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా ఈసీయూ ఇంధనం చిమ్మించే) పెట్రోల్ బండిలో అది మూసుకుపోతే పికప్ తగ్గుతుంది తప్ప మైలేజ్ దాదాపు మారదు. గాలి తగ్గితే ఈసీయూ పెట్రోల్ కూడా తగ్గిస్తుంది. ఫిల్టర్ మార్చితే మైలేజ్ వస్తుందన్న మాట కార్బురేటర్ కాలం నాటిది.

ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు

క్లచ్ జారుతోంది. నాలుగో గేరులో 50 దగ్గర ఒక్కసారి తొక్కి చూడండి. ఇంజిన్ శబ్దం ఎగిరి వేగం వెనకబడితే ప్లేటు అయిపోయింది. ముందు పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పట్టుకునే ముందు ఖాళీగా కదిలే దూరం) చూసి, కేబుల్ మరీ బిగుతుగా ఉంటే సర్దండి. లేకపోతే క్లచ్ సెట్టు మార్చాలి.

సిటీలో బాగానే వస్తుంది, హైవేలో పడిపోతుంది

టాప్ మీద చూడండి. వ్యాగన్ కొన్నదే సామాను కోసం కాబట్టి క్యారియర్ ఉంటుంది. తిరుమల వెళ్లొచ్చి ఆరు నెలలైనా దాన్ని తీయరు. పెద్ద రూఫ్ బాక్సు 105-120 కి.మీ. వేగంలో 10 నుంచి 25 శాతం ఇంధనం తినగలదు. ఖాళీ క్యారియర్ అంత కాకపోయినా ఊరికే ఉండదు. వేగం సంగతీ ఇంతే, 80కి బదులు 110లో వెళ్తే గాలి నిరోధం దాదాపు 1.9 రెట్లు.

దీంతో పోలిస్తే టైర్ల గాలి చిన్న విషయం. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గితే పోయేది 0.2 శాతం చుట్టూ. కానీ ఎనిమిది పీఎస్ఐ తగ్గితే టైరు అంచులు అరిగి, వేడెక్కి, పేలే ప్రమాదం ఉంది. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్‌లో రెండు అంకెలుంటాయి, ఇద్దరికీ, ఫుల్ లోడుకీ. డిక్కీ నిండా సామానేసి వెనక టైర్లకు ఖాళీ బండి గాలితో వెళ్లడం వ్యాగన్ ఓనర్లు చేసే తప్పు. గాలి పొద్దున్నే, చల్లటి టైరు మీద కొట్టించండి.

ఏమీ మారలేదు, అయినా నెమ్మదిగా తగ్గింది

పెట్రోల్ బండి అయితే బంకులో పెట్రోలే మారింది, అందులో ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్)లో లీటరుకు శక్తి ఆరేడు శాతం తక్కువ, ఈ10తో పోలిస్తే మూడున్నర. లీటరుకు 14 ఇచ్చిన బండి ఇప్పుడు 13 చుట్టూ ఇస్తే మెకానిక్ దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. కాకపోతే పాత ఇంధన హోసులను ఒకసారి వేళ్లతో నొక్కి చూడండి. మెత్తబడినా, పగుళ్లు కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా ఆ రోజే మార్పించండి.