పిల్లల సర్జన్ విలియం లాడ్ కథ పది నిమిషాల్లో చెప్పాలంటే ఎలా

పీజీలకి గానీ నర్సింగ్ స్టూడెంట్స్‌కి గానీ విలియం ఎడ్వర్డ్స్ లాడ్ గురించి చెప్పాల్సొస్తే చాలామంది 1880లో మసాచుసెట్స్‌లోని మిల్టన్‌లో పుట్టారు, 1906లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ నుంచి బయటికొచ్చారు అని మొదలెడతారు, రెండో స్లైడ్‌కే క్లాసు సగం ఫోన్లలో ఉంటుంది. అలా వద్దు. పసరు వాంతితో మొదలెట్టండి. పుట్టి రెండుమూడు రోజులైన బిడ్డ, అప్పటిదాకా పాలు బాగానే తాగింది, ఉన్నట్టుండి ఆకుపచ్చగా కక్కింది. లోపల ఏం జరిగిందో చెప్తే లాడ్ ఎవరో దానంతట అదే తెలుస్తుంది.

దానికి ఒక తువ్వాలు తెచ్చుకోండి. ఒక అంచుని కుచ్చిళ్ళలా గుప్పిట్లోకి చేర్చి పట్టుకుని మిగతాది కిందికి వదిలేస్తే, వేలాడేది చిన్నపేగు, గుప్పిట దాన్ని పొట్ట వెనక గోడకి పట్టి ఉంచే మీసెంటరీ అనే పొర మొదలు, రక్తనాళాలన్నీ అందులోంచే వెళ్తాయి. మామూలుగా ఆ మొదలు వెడల్పుగా ఉంటుంది. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు పేగు సరిగ్గా తిరక్కపోతే ఇలా సన్నగా మిగిలిపోయి, ఎప్పుడైనా మెలిక పడొచ్చు. తువ్వాలుని తిప్పి చూపించండి, రక్తం ఎందుకాగుతుందో ఇంక వేరే చెప్పక్కర్లేదు. పైగా సీకం, అంటే పెద్దపేగు మొదలు, దగ్గర్నుంచి పొట్ట కుడిపక్కకి వెళ్ళే పొరలు చిన్నపేగు మొదటి భాగమైన డ్యూయోడినం మీద అడ్డంగా పడి నొక్కుతుంటాయి, వాటినే ఇప్పుడు లాడ్స్ బ్యాండ్స్ అంటున్నాం.

ఇక్కడ మాత్రం తొందరపడకండి, 1936లో ఆయన రాసిన ఆపరేషన్‌ని ఒక్కో మెట్టూ చెప్పండి. నల్లబడ్డ పేగుని మొత్తం బయటికి తీసి, గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పి మెలిక విప్పుతారు, వెచ్చటి తడిగుడ్డ కప్పి రంగు తిరిగొస్తుందేమో చూస్తారు. తర్వాత ఆ పొరలు కోసి, మీసెంటరీని వెడల్పు చేసి, చిన్నపేగుని కుడివైపు పెద్దపేగుని ఎడమవైపు సర్దుతారు. ఆయన బుర్రంతా ఇక్కడే కనిపిస్తుంది నాకు, పేగుని మామూలు చోటుకి ఈడ్చి కూర్చోబెట్టాలని చూళ్ళేదు, బిడ్డకి ఏ అమరిక క్షేమమో అలా వదిలేశారు. సీకం ఎడమకి పోయింది కాబట్టి రేపు అపెండిసైటిస్ వస్తే నొప్పి తప్పుచోట కనిపిస్తుందని అపెండిక్స్ కూడా తీసెయ్యడం ఆనవాయితీ. వినేవాళ్ళలో తల్లిదండ్రులుంటే ఒక మాట గట్టిగా చెప్పండి, పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, పిల్లల సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్ళాలి.

హాలిఫాక్స్ సంగతి ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. 1917 డిసెంబర్ 6న కెనడాలోని ఆ రేవులో మందుగుండు ఓడ మోంట్ బ్లాంక్ పేలింది, మసాచుసెట్స్ నుంచి రెడ్‌క్రాస్ టీమ్‌ని తీసుకుని లాడ్ వెళ్ళారు, అదంతా నిజమే. అక్కడ గాయపడ్డ పిల్లల్ని చూశాకే పిల్లల సర్జన్ అయ్యారనే మాటని మాత్రం చరిత్ర రాసేవాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోరు, అప్పటికే ఆయన బోస్టన్ చిల్డ్రన్స్ ఆస్పత్రిలో పనిచేస్తున్నారు. నన్నడిగితే ఏళ్ళ తరబడి అదే వార్డులో నిలబడి పనిచెయ్యడమే పెద్ద కథ, పిల్లలంటే సైజు తగ్గిన పెద్దవాళ్ళు కాదని ఆ పనితోనే చూపించారు. 1927లో అక్కడే సర్జన్ ఇన్ చీఫ్ అయ్యారు, 1941లో తన కింద పనిచేసే సర్జన్ రాబర్ట్ గ్రాస్‌తో కలిసి పిల్లల పొట్ట ఆపరేషన్ల మీద పుస్తకం తెచ్చారు.

గ్రాస్‌ని కనీసం రెండు నిమిషాలు ఉంచండి. 1938 ఆగస్టు 26న లాడ్ ఊళ్ళో లేనప్పుడు, ముప్పై మూడేళ్ళ గ్రాస్ ఏడేళ్ళ పాపకి గుండె దగ్గర డక్టస్ అనే రక్తనాళం, పుట్టాక మూసుకోవాల్సింది మూసుకోకపోతే, దాన్ని దారంతో కట్టేశారు, పాప బతికింది, లాడ్‌కి మాత్రం చెప్పకుండా చేశారని కోపమొచ్చింది. దీన్ని దాచిపెట్టొద్దు, అలాగని లాడ్‌ని విలన్‌ చెయ్యొద్దు, వార్డులో ఏ బిడ్డ పోయినా జవాబు చెప్పాల్సింది చీఫే కదా. 1945లో లాడ్ రిటైరయ్యారు, 1947లో ఆ చీఫ్ కుర్చీలోకి గ్రాసే వచ్చారు, హార్వర్డ్‌లో గ్రాస్‌కిచ్చిన ప్రొఫెసర్ పదవి కూడా లాడ్ పేరు మీదే ఉంది.