రాతిచెక్కుడు చిత్రాల వయసు: గణాంక పద్ధతులు (4వ పాఠం) – పైపొర వయసు గీత వయసు కాదు

గత పాఠంలోని అభ్యాసానికి వచ్చిన సమాధానాలలో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి కాబట్టి, ఒకదానిపై ఒకటి చెక్కిన చిత్రాల వరుసను తేల్చే పద్ధతిని వాయిదా వేసి, ఈసారి ఆ తప్పునే పరిశీలిద్దాం. చెక్కుడు గీత మీద పేరుకున్న కార్బనేట్ (సున్నపు ఖనిజం) పొర నుంచి మూడు చోట్ల తీసిన నమూనాలకు 4,200 ± 150, 4,900 ± 150, 5,600 ± 400 ఏళ్ల వయసులు ఊహించి ఇచ్చి, గీత వయసెంతో చెప్పమన్నాను (± తరువాతి అంకె ప్రామాణిక దోషం, అంటే కొలత సాధారణంగా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది). రేడియోకార్బన్ వయసును క్యాలెండరు ఏళ్లకు మార్చడం మీకు తెలిసినదే కనుక దాన్ని వదిలేస్తున్నాను. చాలామంది భారిత సగటు (దోషం తక్కువున్న కొలతకు ఎక్కువ బరువిచ్చే సగటు) కట్టి, గీత వయసు 4,620 ± 100 అని రాశారు. లెక్క సరైనదే. కానీ ఆ సమాధానాన్ని నమ్మితే, గీత చెక్కడానికి దాదాపు 280 ఏళ్ల ముందే దాని మీద రెండో నమూనా (4,900) పొర పేరుకుందని ఒప్పుకోవాలి.

కొలతలన్నీ ఒకే సంఘటనకు చెందినప్పుడే వాటికి సగటు కట్టాలి. మొదటి రెండు కొలతల తేడా 700, ఆ తేడాకు ప్రామాణిక దోషం 212. మూడు రెట్లు దాటిన ఈ ఎడం, పొర ఒక్కోచోట ఒక్కో కాలంలో మొదలైందని చెబుతోంది. ప్రతి నమూనా ఇచ్చే సాక్ష్యం ఒక్కటే: గీత తనకంటే పాతది. అందుకే నేను ఏ లెక్కకైనా ముందు కాలరేఖ గీసి, ప్రతి నమూనా దగ్గర గతం వైపు ఒక బాణం వేస్తాను. బాణాలకు సగటు ఉండదని కంటికే తెలుస్తుంది.

కొందరు అన్నిటికంటే పాతదైన 5,600ను తీసుకున్నారు. ఇది మేలే, కానీ దోషం ఉన్న కొలతల్లో గరిష్ఠమైనది అసలు విలువకు పైకే మొగ్గుతుంది. దోషాలు పరస్పరం స్వతంత్రమనుకుంటే, మూడు పొరలూ 5,000 ఏళ్లకు లోబడి ఉండే సంభావ్యత 1 × 0.75 × 0.07, అంటే దాదాపు 0.05. కాబట్టి 95 శాతం నమ్మకంతో గీత వయసు కనీసం 5,000 ఏళ్లు అనవచ్చు. ఎంత ఎక్కువో ఈ పొరలు చెప్పలేవు.

అమెరికాలోని నెవాడాలో, విన్నెముక్కా సరస్సు ఒడ్డు రాతిచెక్కుడుల మీద 2013లో వెలువడిన అధ్యయనం చూడండి. కార్బనేట్ వయసులనూ సరస్సు నీటిమట్టాల చరిత్రనూ కలిపి, చెక్కుడుకు వీలైన కాలాలు రెండని అది తేల్చింది: 14,800–13,200 ఏళ్ల క్రితం, లేదా 11,300–10,500 ఏళ్ల క్రితం. రెండు కొసల మధ్యబిందువు 12,650. ఆ సమయానికి ఆ రాయి నీటి అడుగున ఉంది.

పై హద్దు కావాలంటే వేరే సాక్ష్యం వెతకాలి. నార్వేలోని ఆల్టాలో మంచుయుగం తరువాత నేల పైకి లేస్తూ వచ్చింది కనుక, సముద్రం నుంచి రాయి బయటపడిన కాలం గీతకు గరిష్ఠ వయసు అవుతుంది.

అభ్యాసం: మన రాయి 6,500 ± 200 ఏళ్ల క్రితం నీటి నుంచి బయటపడింది. రెండో గీత ఒకటి మొదటి గీతనూ, 4,200 ఏళ్ల పొరనూ కోస్తూ పోయింది. దాని మీది పొర వయసు 2,900 ± 100. వయసులను 10,000 సార్లు యాదృచ్ఛికంగా ఎంచి, ఈ క్రమానికి విరుద్ధమైన వాటిని తీసివేసి, రెండు గీతలకూ 95 శాతం అవధులు కనుక్కోండి. ఆ తరువాత పూర్వ వితరణను (కొలతలు చూడకముందు ఏ వయసుకు ఎంత అవకాశం ఉందనుకుంటామో దాన్ని) సమ వితరణ (అన్ని వయసులకూ సమాన అవకాశం) నుంచి మరొకదానికి మార్చి, ఏ గీత అవధి ఎక్కువగా కదిలిందో, ఎందుకో రాయండి.