కాలేయంలో స్థిరపడిన రోగనిరోధక కణాలను వేరుచేయడం ఎలా

చెన్నై ల్యాబుల్లో చేరిన మన తెలుగు విద్యార్థులు ముందుగా చూసుకోవలసింది ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాసిచ్చిన సమ్మతి. హెపటైటిస్ బి టీకా కూడా పూర్తయి ఉండాలి.

ఆపరేషన్‌లో తీసిన కాలేయపు ముక్కను చల్లని మీడియంలో (కణాలను బతికించి ఉంచే ద్రవం) ముంచి ఐస్ పెట్టెలో తీసుకురండి. మే నెల ఎండలో మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌ను నమ్మడానికి లేదు, ఐస్ కాస్త ఎక్కువే వేసుకోండి. ల్యాబ్ చేరగానే రక్తం పోయేదాకా కడగాలి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు: రక్తంతో తిరిగే కణాలు మిగిలిపోతే వాటినే కాలేయ నివాసులని పొరబడతాం.

2 మి.మీ. ముక్కలుగా తరిగి, మి.లీ.కు 0.5 మి.గ్రా. కొలాజినేజ్-4 (కణాలను పట్టి ఉంచే కొలాజెన్‌ను కరిగించే ఎంజైమ్), కొద్దిగా డీఎన్ఏజ్ (చచ్చిన కణాల జిగట డీఎన్ఏను తెంచే ఎంజైమ్) కలిపి 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఊపండి. కొలాజినేజ్ పనిచేయాలంటే కాల్షియం కావాలి. కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ పడిందా, ముక్క సరిగా కరగదు. మరీ ఎక్కువసేపు ఉంచితే కణం పైనున్న గుర్తు ప్రోటీన్లే తెగిపోతాయి.

70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 50 జి (గురుత్వాకర్షణకు 50 రెట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పండి. హెపటోసైట్లు, అంటే కాలేయపు ప్రధాన కణాలు, అడుగుకు చేరతాయి. మనకు కావలసినవి పై ద్రవంలో ఉంటాయి, పారబోయకండి. లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు) కోసం దాన్ని ఫైకాల్ (కణాలను సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) మీద వేయాలి. కుప్ఫర్ కణాలు (కాలేయంలో ఉండే మాక్రోఫేజ్‌లు, చెత్తను మింగే రోగనిరోధక కణాలు) ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి కనుక, అవి తక్కువగా అంటుకునే పాలీప్రొపిలీన్ ట్యూబుల్లో, ఐస్ మీద ఉంచి, ఆ రోజే వాడేయండి.

ఫ్లో సైటోమెట్రీలో (రంగు వేసిన కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా చూసే పద్ధతి) నివాస కణాలపై ఉండే సీడీ69 అనే గుర్తు ప్రోటీన్ ఒక్కటే చూసి తేల్చొద్దు, ఉత్తేజితమైన కణం మీదా అది ఉంటుంది. సీఎక్స్‌సీఆర్6 అనే మరో నివాస కణాల గుర్తు కూడా చూడండి, అదే రోగి రక్తంతో పోల్చండి. కుప్ఫర్ కణాలకు సొంత వెలుగు ఉంటుంది కాబట్టి రంగు వేయని ట్యూబు ఒకటి తప్పనిసరి.